మేకులన్నీ చేతబడి కోసం కాదు

మధ్య ఆఫ్రికాలోని కాంగో ప్రజల ఎన్‌కిసి అనే, శక్తి ఉందని నమ్మే చెక్క బొమ్మల మీద వ్యాసం బాగుంది కానీ, శత్రువుకు హాని చేయడానికే వాటికి మేకులు కొట్టేవారని అందులో రాసిన మాట మాత్రం ఒప్పుకోలేను. తగాదా తీరినా, ఒప్పందం కుదిరినా ఎన్‌గంగా అనే పూజారి సమక్షంలో ఒట్టు వేసి, ఓ మేకో ఇనుప ముక్కో దిగగొట్టేవారు. ఇలా మేకులు దిగగొట్టే ఎన్‌కిసి బొమ్మను ఎన్‌కొండి అంటారు; మాట తప్పినవాడిని వెతికి పట్టుకోవడం దాని పని. బొమ్మ పొట్ట మీద అద్దం బిగించిన చిన్న పెట్టె ఉంటుంది చూడండి, అందులో మట్టి, మూలికలు లాంటివి కూరేవారు. అసలు శక్తి వాటిదే. అవి తీసేస్తే మిగిలేది ఉత్త చెక్కే!

ఇంకో సంగతి కూడా రాయాల్సింది. 1878లో కాంగోలోని బోమా ఊరి దగ్గర అలెగ్జాండర్ డెల్‌కమ్యూన్ అనే బెల్జియం వ్యాపారి, నే కుకో అనే నాయకుడి ఎన్‌కొండిని ఎత్తుకుపోయాడు. తిరిగిమ్మని అడిగినా ఇవ్వలేదు. చివరికది బెల్జియంలోని టెర్వురెన్ మ్యూజియానికి చేరింది.