గన్నవరం వర్షమాపకం గారికి ఒక బెజవాడ విన్నపం

శ్రీ గన్నవరం వర్షమాపకం గారి సముఖమునకు,

అయ్యా,

విమానాశ్రయం గడ్డిలో, నేలకి 30 సెంటీమీటర్ల ఎత్తున, ఆకాశం వైపు నోరు తెరుచుకుని తమరు క్షేమంగానే ఉన్నారని తలుస్తాను. మేమిక్కడ తడిశామో ఎండామో తమరే సెలవియ్యాలి. విజయవాడలో వాన పడిందా లేదా అన్నది రికార్డుల్లో తేలేది ఊరికి దాదాపు 20 కిలోమీటర్ల అవతల, తమరి నోట్లోనే కదా.

జూన్, జులై సాయంత్రాల్లో మా ఇంట్లో తరచూ జరిగే గొడవొకటి మనవి చేస్తాను. భవానీపురంలో ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురుస్తుంటుంది. అదే వేళకి పటమటలో మా మేనత్త డాబా మీద బట్టలారేసుకుంటూ ఉంటుంది. "వానేంట్రా నీ మొహం, ఇక్కడ ఎండ చిటపటలాడిపోతుంటే" అని ఆవిడ. "స్కూటరు సైలెన్సరు మునిగింది మొర్రో అక్కా" అని మా బాబాయి. ఇద్దరిదీ నిజమే. మర్నాడు లెక్క చూస్తే తమరి నోట్లో చుక్క పడి ఉండదు. బాబాయి ఇంటి ముందు నీళ్లు నిలబడే ఉంటాయి గానీ, సర్కారు పుస్తకం ప్రకారం ఆ నీళ్లు లేవు. తమరిననడానికేం లేదు లెండి. పడింది పడినట్టు చెప్పడమే తమరి ఉద్యోగం. పడనిది కూడా చెప్పమని ఎవరూ జీవో ఇవ్వలేదు.

తమరి దినచర్య తెలుసుకుని ముచ్చటపడ్డాను. ఉదయం ఎనిమిదిన్నర కాగానే ఒకాయన వస్తాడు. గరాటు పైకెత్తి, తమరి కడుపులో సీసా బయటికి తీసి, నీళ్లు సన్నటి కొలగ్లాసులోకి వంచి, కంటికెదురుగా పట్టుకుని గీత చూసి రాసుకుంటాడు. ఒలికిస్తే లెక్క తప్పు, గ్లాసు వంగితే లెక్క తప్పు. నిన్న ఎనిమిదిన్నర నుంచి ఇవాళ ఎనిమిదిన్నర దాకా కురిసిందంతా ఇవాళ్టి పద్దు. శనివారం ఫస్ట్ షో నుంచి తడుస్తూ ఇంటికొచ్చినవాడు ఆ వాన కోసం శనివారం పద్దులో వెతికితే దొరకదు, ఆదివారంలో చూసుకోవాలి. అయినా బిల్లు పెట్టిన ఏడాదికి గానీ ఫైలు కదలని రాజ్యంలో, ఏ రోజు ఖాతా ఆ రోజే మూసి పైకి పంపే ఉద్యోగి తమరొక్కరే కనిపిస్తున్నారు. జీతం లేకపోవడం వల్ల కావచ్చు.

2.5 మిల్లీమీటర్లు నిండితేనే అది వాన రోజట. 2.4 పడిందా, ఆ రోజు వాన రోజు కాదు. మరి బందరు రోడ్డు మీద ఆ 2.4కే బైకు జారి మోచెయ్యి చెక్కుకుపోయినవాడు ఏమని చెప్పుకోవాలండీ?

తమరి పక్కనే తెల్లరంగు వేసుకుని, చుట్టూ సందుల తలుపులతో కడుపులో థర్మామీటర్లతో నాలుగు కాళ్ల మీద నిలబడ్డ చెక్క పెట్టె గారిని, అదే స్టీవెన్‌సన్ తెర గారిని, అడిగానని చెప్పండి. వేసవిలో మా పరువంతా వారి చేతిలో ఉంటుంది. 43 డిగ్రీలని వారంటే అది నీడలో, గాలాడే చోట, గడ్డి మీద 43. బీసెంట్ రోడ్డులో తోపుడుబండి పక్కన మిట్టమధ్యాహ్నం నిలబడ్డ మనిషి నెత్తి మీద ఎంతుందన్నది వారి పరిధిలోకి రాదు. వడగాలి అనిపించుకోవడానికి కూడా అర్హతలున్నాయి. మైదానాల్లో కనీసం 40 ఉండి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు పైకెళ్లాలి. లేదా ఏకంగా 45 తాకాలి. మే నెలలో మాకు మామూలే 40 దగ్గర తచ్చాడుతుంటుంది. కాబట్టి 44లో మేం మాడి మసైపోయేది, నిబంధనల ప్రకారం, మామూలు ఎండలోనే. ఇదే 44 ఏ చల్లటి ఊళ్లోనో కాస్తే వడగాలి అయ్యేది, పేపర్లో ఫొటో పడేది. ఏటి అవతల వాళ్లకి ఎండలకి పేరుపడ్డ రెంటచింతల ఉంది. 2022లో జిల్లాలు విడిపోయి ఆ ఊరు పల్నాడులోకి పోయినా, గుంటూరు వాళ్లు ఇప్పటికీ "మా రెంటచింతల" అనే అంటారు. ఎండ విషయంలో ఆస్తుల పంపకానికి ఎవరూ ఒప్పుకోరు.

తమ శాఖ, అదే భారత వాతావరణ శాఖ, ముద్ర మీద 'ఆదిత్యాత్ జాయతే వృష్టిః' అని ఉంటుంది. సూర్యుడి వల్లే వాన పుడుతుందట. అందులో మొదటి మాట మాకు మార్చి నుంచే సరఫరా అవుతోంది. మూడో మాట సంగతి కాస్త పైవాళ్లకి గుర్తు చెయ్యగలరు.

ఇక వానకిచ్చే బిరుదులు. 64.5 మిల్లీమీటర్ల నుంచి భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. 64.4 దాకా ఓ మోస్తరే. తమరి కొలగ్లాసులో ఓ మోస్తరు చూడముచ్చటగా ఉంటుంది కాబోలు. మా లోబ్రిడ్జి కింద మాత్రం ఓ మోస్తరుకే ఆటో ఆగిపోతుంది, ఆటోవాడు ప్యాంటు మోకాళ్ల పైకి మడుస్తాడు, ప్యాసింజరు చెప్పులు చేత్తో పట్టుకుని సగం చార్జీకి బేరం మొదలుపెడతాడు.

"ఒకటి రెండు చోట్ల భారీ వర్షాలు" అని బులెటిన్ వస్తుంది. నాలుగో వంతు కేంద్రాలకి మించకుండా అని దానికి లెక్క ఉంది. జనం మాత్రం ఆ ఒకటి రెండు చోట్లలో తమ చోటు లేదని తేల్చేసుకుని గొడుగు ఇంట్లో పెట్టి బయల్దేరతారు. అదే మనిషి ప్లాటు కొనేటప్పుడు చూడాలి, రింగు రోడ్డు తన ప్లాటు పక్కనుంచే పోతుందని ఎంత గట్టి నమ్మకమో!

టీవీ వాళ్లది వేరే భాష. అల్పపీడనం ఇంకా కళ్లు తెరవకముందే "దూసుకొస్తోంది" అంటారు. వాయుగుండం చాలాసార్లు కదిలేది గంటకి పది, పదిహేను కిలోమీటర్లు. కాలేజీ కుర్రాడు సైకిలు మీద దాన్ని దాటి వెళ్లిపోగలడు. దాని లోపల తిరిగే గాలులు గంటకి 62 కిలోమీటర్లు అందుకుంటేనే అది తుపాను, అప్పుడే దానికి పేరు. వీళ్లు బారసాల ముందే చేసేస్తారు. ఈ గోలలో తమ శాఖ బులెటిన్‌ని చివరి పంక్తి దాకా శ్రద్ధగా చదివే వర్గం ఒక్కటే మిగిలింది, బడిపిల్లలు. ఆరెంజ్ అలర్ట్ అన్న మాట కనపడగానే కలెక్టరు గారి సెలవు ప్రకటన కోసం రాత్రి పదకొండు దాకా మేలుకుంటారు. సెలవిచ్చిన రోజు తెల్లారి పెళపెళా ఎండ కాస్తే, తమ శాఖని మెచ్చుకునేదీ వాళ్లొక్కళ్లే.

గుంటూరు వైపు ఈ నవ్వులాటలు సాగవండీ. అక్కడ వానంటే భయం వానాకాలం కానప్పుడే. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కల్లాల నిండా మిరపకాయ ఎర్రగా పరుచుకుని ఉంటుంది. పక్కనే పట్ట మడతపెట్టుకుని రైతు కూర్చుంటాడు. కప్పి ఉంచితే ఉక్కకి కాయ బూజు పడుతుంది, కప్పకపోతే మబ్బు భయం. ఒక్క జల్లు పడిందా, ఎరుపు పోయి తెల్లమచ్చ తిరిగి తాలు కింద లెక్క. యార్డులో టిక్కీ, అంటే మిరప బస్తా, విప్పగానే కొనేవాడు లోపలికంటా చెయ్యి పెట్టి గుప్పెడు కాయ తీసి, తొడిమ దగ్గర నొక్కి, గలగల మోగుతుందా లేదా అని విదిలించి చూస్తాడు. మోగలేదా, మొహం పక్కకి తిప్పి ధర చెప్తాడు.

ఆ రైతుకి కావాల్సింది ఒక్క ముక్క. ఇవాళ మూడింటికి నా కల్లం మీద పడుతుందా పడదా? జిల్లా వ్యవసాయ సలహా మంగళ, శుక్రవారాల్లో వస్తుంది. ఆ రెండు రోజులూ ఇంట్లోంచి ఏదీ బయటికివ్వకూడదని మా పెద్దవాళ్లంటారు, సర్కారు వారు ఏరికోరి ఆ రెండు రోజులే ఇస్తారు. గాలివాన బుధవారం వస్తుంది. మూడు గంటల ముందు ఇచ్చే తక్షణ హెచ్చరిక కూడా ఉంది, కాదనను, చాలాసార్లు అది నిజమే అవుతుంది. ఫోను కుయ్యిమంటుంది: పిడుగులు పడొచ్చు, చెట్ల కింద నిలబడవద్దు. కల్లం దగ్గర ఉన్న నీడ ఒకే ఒక్క వేపచెట్టు. రైతు సందేశం చదివేది దాని కిందే.

ఏటా ఉగాదికి పంచాంగం చదివే అయ్యవారు, ఈ ఏడు మేఘాధిపతి ఫలానా, వానలో ఇన్ని పాళ్లు సముద్రానికి, ఇన్ని కొండలకి, మిగిలింది భూమికి అని పంచేసి సంభావన తీసుకుంటారు. ఇంచుమించు అదే రోజుల్లో, ఏప్రిల్లో, ఢిల్లీ నుంచి తమ వాళ్లు దేశానికంతటికీ 87 సెంటీమీటర్లు సగటని, అందులో 96 నుంచి 104 శాతం మధ్య పడితే సాధారణమని చెప్తారు. అయ్యవారిని మర్నాడెవరూ నిలదీయరు. తమ వాళ్లని సెప్టెంబరు దాకా నిలదీస్తూనే ఉంటారు. శాతాల్లో చెప్పినందుకు శిక్ష.

బందరు వాళ్ల ముందు మాత్రం తమ శాఖని వెక్కిరించడానికి నాకు నోరు రాదు. 1864 అక్టోబరులో కలకత్తాని ఊడ్చేసిన తుపాను, ఆ తర్వాతి కరువులు, వీటివల్లే 1875లో శాఖ పుట్టిందని రాస్తారు. అదే 1864 నవంబరు 1న బందరు మీద ఉప్పెన విరుచుకుపడి సుమారు ముప్పై వేల మంది పోయిన సంగతి ఆ వాక్యంలో ఎక్కడా కనపడదు. దొరల రాజధాని కాకపోతే చచ్చినా లెక్కలోకి రాం. 1977 నవంబరు 19న దివిసీమలో మళ్లీ పది వేల మందికి పైగా. 1990 మేలో అదే తీరానికి పెనుతుపాను వస్తే, ముందే లక్షకి పైగా జనాన్ని తరలించారు, పోయినవాళ్లు వెయ్యి లోపు. ఆ తేడాలో బతికినవాళ్ల మనవలే ఇవాళ ఫోన్లో తమ శాఖ మీద జోకులు పంపుకుంటున్నారు. పంపుకోనివ్వండి.

ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు పదకొండున్నాయి కదా. వాటిలో ఆఖరిదంటే నాకు మహా గౌరవం. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ఇక మీ జాగ్రత్త మీదే అని దాని అర్థం. సంబంధాలు తెగితే తెగాయని సూచిక ఎత్తి మరీ ఒప్పుకునే ఆఫీసు ఇంకెక్కడైనా ఉందా? మా ఊరి వాగు బుడమేరుకి అలాంటి పదకొండో నంబరు లేకపోయింది.

2024 ఆగస్టు 31. హెచ్చరిక ముందే వచ్చింది. తమరు తమ వంతు మింగి ఎనిమిదిన్నరకి లెక్క ఒప్పజెప్పారు. మా ఊళ్లో సింగ్‌నగర్‌ని ముంచింది సింగ్‌నగర్ మీద పడ్డ వాన ఒక్కటే కాదుగా. మైలవరం వైపు కొండల మీద పడి, బుడమేరులోకి దిగి, వెలగలేరు దగ్గర మళ్లింపు కాలవలో పట్టక, గట్లకి గండ్లు కొట్టి వచ్చిన నీళ్లవి. ఆ కాలవ పోయి కలవాల్సిన కృష్ణలోనే చోటు లేదు, ప్రకాశం బ్యారేజీ దగ్గర మునుపెన్నడూ చూడని 11.43 లక్షల క్యూసెక్కులు పోటెత్తాయి. అసలు వంద గజాల డాబా మీద వంద మిల్లీమీటర్లు పడితేనే ఎనిమిది వేల లీటర్ల పైమాట. ఊళ్లో ఉన్న డాబాలన్నీ ఏ కాలవలోకి వంచుతాయో తమరు చూడకపోవడమే మంచిది.

వాన లెక్క తమది. నది లెక్క ఒకరిది, గేట్లు ఇంకొకరివి, కాలవ గట్టు వేరొకరిది, సైడు కాలవలు కార్పొరేషన్‌వి. అందరి పుస్తకాల్లోనూ అంకెలు ముత్యాల్లా ఉన్నాయి. కరెంటు పోయిన మేడ మీద పిల్లని చంకనేసుకుని నిలబడ్డ మనిషికి కావాల్సిన అంకె, నీళ్లు ఎన్నో మెట్టు దాకా వస్తాయి, ఎన్నింటికి వస్తాయి అన్నది, ఎవరి పుస్తకంలోనూ దొరకలేదు. హెచ్చరిక ఫోన్లో వచ్చింది. అన్నం పొట్లాలు డ్రోన్ల మీద వచ్చాయి. ఈ రెంటికీ మధ్యన రావాల్సినదేదో దారి తప్పింది.

కాబట్టి నా విన్నపం చిన్నది. ఈ మధ్య తమరి వంశంలో సోలారు పలక, సిమ్ కార్డు తగిలించుకున్న కుర్రాళ్లు తయారయ్యారు. కడుపులో ఊగే దొప్ప నిండినప్పుడల్లా ఒరిగి, ఎవరూ వచ్చి గరాటు ఎత్తే పని లేకుండా తమంతట తామే లెక్క పంపుతారట. పిట్ట రెట్టేసి గరాటు మూసుకుపోతే కుండపోతలో కూడా సున్నా అనే పంపుతారట, అది వాళ్ల బాల్యచేష్ట అనుకుందాం. వాళ్లలో ఒకణ్ణి మా బుడమేరు వైపు బదిలీ చేయించండి.

స్థలం చూసే బాధ్యత నేనే నెత్తినేసుకున్నాను. చెట్టు నీడ, గోడ నీడ పడని ఖాళీ నేల కావాలని తమ నియమం. సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక అంతా తిరిగాను. అపార్టుమెంటు లేని చోట రాబోయే అపార్టుమెంటు బోర్డుంది. ఆఖరికి ఒక చోటు కుదిరింది. నాలుగు దిక్కులా ఆకాశమే, అడ్డం లేదు. బుడమేరు నడుమధ్యన. నాలుగు గజాలు అడుగుదామని అక్కడ గొడుగేసుకుని కూర్చున్న కుర్రాణ్ణి కదిపితే, తూర్పు ఫేసింగ్ మొత్తం అయిపోయింది సార్, పడమర ఫేసింగ్‌లో ఒకే ఒక్క బిట్టు మిగిలింది, గజం ఎంతో ఫోన్లో చెప్తాం, ముందు అడ్వాన్సు వెయ్యండి అన్నాడు.

ఇట్లు,
తమరి గరాటు అంచుకి అవతల పడే వానలో తడిసే
ఒక బెజవాడ వాడు