మేడమీది గదికి ఇప్పుడు తాళం ఏది?

షార్లెట్ బ్రాంటీ నవల 'జేన్ ఐర్' 26వ అధ్యాయంలో చర్చిలో పెళ్ళి మొదలవుతుంది. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని పాదిరీ అడుగుతాడు. ఆనవాయితీగా అడిగే మాట అది, ఎవరూ పలకరు. ఆ రోజు మాత్రం వెనకనుంచి లండన్ లాయరు ఒకాయన పలుకుతాడు. పెళ్ళికొడుక్కి ఇదివరకే పెళ్ళయింది, ఆ భార్య బతికే ఉంది. ఎక్కడుందంటే, పెళ్ళికూతురు ఏడాదికి 30 పౌన్ల జీతానికి పాఠాలు చెబుతున్న ఆ ఇంట్లోనే, మూడో అంతస్తులో, తాళం వేసిన గదిలో.

1847 నాటి ఆ గదిని ఇవాళ్టి డొమెస్టిక్ సస్పెన్స్ (ఇంటి నాలుగు గోడల మధ్యే భయం, గుట్టు నడిచే) నవలలు మళ్ళీ మళ్ళీ తెరుస్తున్నాయి. డాఫ్నీ డ్యూ మారియే రాసిన 1938 నాటి నవల 'రెబెకా'ను లీసా గాబ్రియెల్ 2018లో 'ద వింటర్స్'గా తిరగరాసింది. హెన్రీ జేమ్స్ దయ్యాల కథ 'ద టర్న్ ఆఫ్ ద స్క్రూ' నీడలో రూత్ వేర్ 2019లో 'ద టర్న్ ఆఫ్ ద కీ' రాసింది. రేచెల్ హాకిన్స్ 2021లో 'ద వైఫ్ అప్‌స్టేర్స్' అని పేరు పెట్టేసి అట్ట మీదే గుట్టు విప్పింది. (ఈ వ్యాసంలోనూ కొన్ని గుట్లు బయటపడతాయి. చదవబోతున్నవాళ్ళు ఇక్కడే ఆగవచ్చు.)

వీటిని పాత కథకు కొత్త బట్టలు తొడిగినట్టు చూస్తే అసలు చిక్కు కనపడదు. పాత ఇల్లు, దాచిన గుట్టు, భయం కలిపి నడిపే గోథిక్ కథకు పెద్ద భవంతి, తుపాను, కొవ్వొత్తి అలంకారాలు మాత్రమే. దాన్ని నడిపేది తాళం. మనిషి ఆ ఇంట్లోంచి ఎందుకు బయటపడలేదన్న ప్రశ్నకు గట్టి జవాబు ఉండాలి. 1847లో ఆ జవాబు రచయిత్రి కల్పించుకోవలసిన అవసరం రాలేదు, చట్టమే ఇచ్చింది.

అప్పటికి ఇంగ్లండులో విడాకుల కోర్టు లేదు. అది 1857 చట్టంతో వచ్చింది. అంతకుముందు మళ్ళీ పెళ్ళి చేసుకునేలా విడాకులు కావాలంటే పార్లమెంటులో ప్రత్యేకంగా బిల్లు పెట్టించుకోవాలి. భార్యకు పిచ్చి అన్నది విడాకులకు కారణంగా 1937 చట్టం దాకా చెల్లలేదు. ఆ పెళ్ళికొడుకు రాచెస్టర్ ఈ మాట నవలలోనే చెప్పుకుంటాడు: డాక్టర్లు ఆమెకు పిచ్చని తేల్చాక ఇక చట్టప్రకారం వదిలించుకునే దారి లేకపోయిందని. పెళ్ళితో పాటు ఆమె తెచ్చిన 30,000 పౌన్లు అప్పటి చట్టం ప్రకారం భర్త చేతికే వెళతాయి. భార్య ఆస్తి భార్యదే అనే హక్కు పూర్తిగా రావడానికి 1882 దాకా పట్టింది. డబ్బు అతనిదైంది, మనిషి మాత్రం వదలదు. గది తలుపు మూసింది ఈ రెండే.

ఇదే కథను అదే 1847లో రాజమండ్రి దగ్గర ఒక జమీందారు ఇంట్లో పెట్టి చూడండి, ఒక్క పూట నిలవదు. ఆయనకు రెండో పెళ్ళి దాచుకోవలసిన పనేమీ లేదు. పెద్ద భార్య, చిన్న భార్య అని ఊరంతా వరసపెట్టి పిలిచేవాళ్ళు. మన కథల్లో సవతి ఎప్పుడూ వంటింట్లో ఎదురుగా ఉండే మనిషే కానీ మేడ మీద దాచిన మనిషి కాదు. హిందువులకు ఒక భార్య ఉండగా రెండో పెళ్ళి చెల్లదన్న చట్టం మద్రాసు రాష్ట్రంలో 1949లో, దేశమంతటికీ 1955లో వచ్చింది. ఆ 1955 చట్టమే నయంకాని మతిభ్రమణం మూడేళ్ళు వరసగా ఉంటే విడాకులకు కారణమని కూడా చెప్పింది. అంటే తాళం, తాళంచెవి ఒకే కాగితం మీద వచ్చాయి. ఇంగ్లీషు గోథిక్ మన దగ్గర వేళ్ళూనకపోవడానికి వాతావరణం కన్నా ఇదే పెద్ద కారణమని నా అనుమానం.

ఇప్పుడు హాకిన్స్ ఇబ్బంది చూడండి. ఆమె కథ అమెరికాలో, అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్ పక్కన మౌంటెన్ బ్రూక్ అనే సంపన్నుల పేటలో జరుగుతుంది. అక్కడ విడాకులు తీసుకోవడానికి పార్లమెంటు బిల్లు అక్కర్లేదు, మంచి లాయరు చాలు. అందుకే ఆమె డబ్బు వైపు తిప్పింది. ఇక్కడ వ్యాపారం పెట్టి పైకొచ్చింది భార్య బియా, ఆ డబ్బులో బతుకుతున్నది భర్త ఎడ్డీ. పాత నవలలో భార్య సొత్తు తాళి కట్టినంత తేలిగ్గా భర్తదైపోయింది. ఇక్కడ సొత్తు ఆమె పేరునే ఉంది, కాబట్టి ఆమె ఉన్నా లేకపోయినా అతని బతుకు ఆమె చుట్టూనే తిరగాలి. బియా ఉన్నది పానిక్ రూమ్‌లో. దొంగలొస్తే ఇంటివాళ్ళు లోపలికెళ్ళి గడియ పెట్టుకోవడానికి కట్టుకునే గది అది. రక్షణకు కట్టిన గదే జైలు కావడం ఈ పుస్తకంలో బాగా కుదిరిన ఒక్క వస్తువు.

రూత్ వేర్ ఇంకో దారి పట్టింది. స్కాట్లండ్ కొండల్లోని ఆ ఇంట్లో దీపాలు, తలుపులు, పాటలు, కెమెరాలు అన్నీ ఒక యాప్ చేతిలో ఉంటాయి. అర్ధరాత్రి పాటలు వాటంతటవే మోగుతాయి. దయ్యమా, సాఫ్ట్‌వేరా, ఎక్కడో ఫోను పట్టుకుని కూర్చున్న మనిషా? పిల్లల్ని చూసుకోవడానికి వచ్చిన అమ్మాయికి ముగ్గురిలో ఎవరి మీద ఫిర్యాదు చెయ్యాలో తెలియదు. మామూలుగా స్మార్ట్‌ఫోను సస్పెన్స్‌కు శత్రువు. సిగ్నల్ పోయిందని, చార్జింగ్ అయిపోయిందని రాసి తప్పించుకునే నవలలు కుప్పలు. ఈమె ఫోన్‌నే తాళం చేసింది.

తాళం తర్వాత మారింది కథ చెప్పే అమ్మాయి. 'రెబెకా'లో చిన్న ఘట్టం ఒకటి ఉంది. ఏడాదికి 90 పౌన్లకు ఒక ధనవంతురాలి వెంట తోడుగా తిరిగిన అమ్మాయి మాండర్లీ అనే ఎస్టేటుకు ఇంటావిడగా వస్తుంది. ఒకరోజు బల్ల మీది పింగాణీ బొమ్మ ఆమె చెయ్యి తగిలి పగులుతుంది. ఇల్లు తనదే, బొమ్మా తనదే. అయినా ముక్కలు ఏరి, ఒక కవర్లో వేసి సొరుగు వెనక దాస్తుంది. తర్వాత పనివాడి మీద అనుమానం వచ్చి, ఇంటి పెత్తనం చూసే మిసెస్ డాన్వర్స్ ముందు నిజం ఒప్పుకోవలసి వస్తుంది. ఆమె ఇంకా ఆ ఇంటికి పనిమనిషేనని ఆ సొరుగే చెప్పేస్తుంది, రచయిత్రి వేరే వివరించలేదు.

హాకిన్స్ కథానాయిక జేన్ కూడా పనికి వచ్చిన పిల్లే, పేటలో కుక్కల్ని తిప్పుతుంది. ఈమె బొమ్మలు పగలగొట్టదు. వెళ్ళిన ఇంట్లోంచి చిన్న చిన్న నగలు జేబులో వేసుకుంటుంది. ఒకామె పొరపాటున జరిగినదానికి కూడా వణికింది, ఒకామె తప్పు చేసి కూడా లెక్కలు వేస్తోంది. దీనివల్ల కథకు చురుకుదనం వచ్చింది, కానీ ఏదో పోయింది కూడా. పాత జేన్ డబ్బు, ప్రేమ రెండూ వదులుకుని తెల్లారకముందే ఇంట్లోంచి వెళ్ళిపోతే మనకు గుండె పట్టేస్తుంది. వదులుకోవడానికి ఆమె దగ్గర ఒక విలువంటూ ఉంది. అందరూ దొంగలైన ఇంట్లో ఎవరు గెలిచినా పాఠకుడికి పోయేదేమీ ఉండదు. ఈ కోవ నవలలు చాలావరకు చతికిలపడేది ఇక్కడే.

గుట్టు విప్పే చోటు కూడా ముందుకు జరిగింది. 'జేన్ ఐర్' 38 అధ్యాయాల్లో 26వ దానిలో, 'రెబెకా' 27 అధ్యాయాల్లో 20వ దాని దగ్గర అసలు సంగతి తెలుస్తుంది. హాకిన్స్ సగానికి రాకముందే బియా చేత మాట్లాడించేస్తుంది. అట్ట చూసినవాళ్ళందరికీ తెలిసిన రహస్యాన్ని చివరిదాకా దాచితే నవ్వులపాలే. అందుకని గదిలో ఎవరున్నారన్నది వదిలేసి, జేన్, బియా, ఎడ్డీ ముగ్గురిలో అబద్ధం ఎవరిదన్నది పట్టుకుంది. ఆలోచన సరైనదే. అమలులో ముగ్గురి గొంతులూ దాదాపు ఒకటే, అధ్యాయం మీద పేరు చెరిపేస్తే పోల్చుకోవడం కష్టం.

పాత నవలలో రాచెస్టర్ పెంచుతున్న పిల్ల అడేల్, ఈ కొత్త నవలలో కుక్క పేరు. నవ్వొస్తుంది, అంతే. అసలు ప్రశ్న జమైకా. పాత నవలలో మేడమీది భార్య బెర్తా జమైకాలోని స్పానిష్ టౌన్ పిల్ల, తల్లి క్రియోల్, అంటే వలసవచ్చినవాళ్ళ సంతతిగా ఆ దీవుల్లో పుట్టినామె. ఆమె పేరును, ఊరును, మతిని భర్త ఎలా లాక్కున్నాడో డొమినికా ద్వీపంలో పుట్టిన జీన్ రీస్ 1966లోనే 'వైడ్ సర్గాసో సీ'లో రాసేసింది. మేడమీది మనిషికి మాట ఇవ్వడం కొత్త ఆలోచన కాదు. అలబామాలో, తెల్లవాళ్ళ సంపన్న పేటలో కథ పెట్టుకుని ఆ ప్రశ్నను తాకకుండా దాటిపోవడం మాత్రం ఆశ్చర్యమే.

తెలుగులో ఎవరైనా ఇలాంటిది రాయాలనుకుంటే బంగళా వెతుక్కోనక్కర్లేదు. డల్లాస్ శివారులో అప్పు మీద కొన్న నాలుగు పడగ్గదుల ఇల్లు చాలు. ఆమె హెచ్4 వీసా మీద వచ్చింది, అతని ఉద్యోగం పోతే ఆమె వీసా కూడా పోతుంది. 2015 నుంచి హెచ్4 వాళ్ళలో కొందరికి పని అనుమతి ఉంది కానీ, అది భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక మెట్టు దాటితేనే. కారు అతని పేరు మీద, బ్యాంకు ఖాతా అతని పేరు మీద, వీధి గుమ్మం కెమెరా అతని ఫోనులో. బయటకు వెళ్ళినప్పుడల్లా ఆఫీసులో అతనికి నోటిఫికేషన్ వెళుతుంది. తలుపుకు గడియ కూడా వేసి ఉండదు.