మా కోనసీమ గాలికి ఆ ఉప్పు ఆగదండీ

ఇంట్లో బాత్ సాల్ట్ (స్నానపు నీళ్లలో కలుపుకునే ఉప్పు) చేసి అమ్ముకోవడం గురించి మంచి వ్యాసం రాశారు. కానీ సముద్రపు ఉప్పు, గులాబీ రేకులు కలిపి సీసాకెత్తమన్నారు చూడండి, మా అమలాపురం వైపు వానాకాలంలో అది కుదరదు. ఆ ఉప్పులోని మెగ్నీషియం క్లోరైడ్ గాలిలో తేమను లాగేస్తుంది. ఉప్పు చెమ్మగిల్లి, రేకులు నల్లబడి సీసా అడుగున ముద్దకడతాయి. ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్ అనే మరో రకం ఉప్పు) ఎక్కువ వేస్తే నయం. పూల నర్సరీలకు పేరున్న కడియం ఊరి గులాబీలైనా సరే, నలిపితే పొడైపోయేదాకా నీడన ఎండాలి. ఇక్కడ టబ్బులెవరికున్నాయి, కాళ్లు నానబెట్టుకునే బేసిన్‌కి ఎంత వేయాలో లేబుల్ మీద రాయాలి. అన్నిటికన్నా ముఖ్యం లైసెన్స్. కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం అమ్మకానికి తయారుచేసేవారికి అది తప్పనిసరి. వ్యాసంలో ఆ ఊసే లేదు. అప్పు తెచ్చి మొదలుపెట్టే ఆడవాళ్లు ఇబ్బంది పడతారు, దయచేసి చేర్చండి.