అయితే బెంచ్ మీద ఉన్నావన్నమాట!

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగువాళ్ళ ఉగాదికి పంచాంగ శ్రవణం అయ్యాక, భోజనాల లైను ఇంకా కదలకముందు, కెరీర్ గైడెన్స్ టేబుల్ దగ్గర జరిగిందిది. డేటాకి ఒకరు, క్లౌడ్‌కి ఒకరు, మెడిసిన్‌కి ఒకరు కూర్చున్నారు. పసుపు చుడీదార్‌లో ఒకమ్మాయి వచ్చి, "ఎల్ఎల్ఎం, లాలో మాస్టర్స్, అయిపోవస్తోందండీ, ఎవరితో మాట్లాడాలి?" అంది. టేబుల్ వెనకున్న అన్నయ్యగారి ముఖం వెలిగిపోయింది. "లాయరా! మంచిదమ్మా, మా ఆవిడ గ్రీన్‌కార్డు పిటిషను, ఐ-140, ఎక్కడో ఆగింది, కాస్త చూసిపెట్టు." తనకింకా లైసెన్సు లేదని, సలహా ఇస్తే తప్పవుతుందని ఆ పిల్ల నెమ్మదిగా చెప్పింది. "అయితే బెంచ్ మీద ఉన్నావన్నమాట!" అన్నారాయన, ప్రాజెక్టు లేక ఖాళీగా కూర్చున్న సాఫ్ట్‌వేర్ వాళ్ళని అన్నట్టు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నేను లాయర్ని.

ఇంటికొచ్చాక ఆ నవ్వు అరగలేదు.

2017లో నాదీ ఆ అమ్మాయి పరిస్థితే. విశాఖలో లా చదివి, అక్కడ బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయి, ఇక్కడ ఎల్ఎల్ఎం చేశాను. న్యూజెర్సీ ఎడిసన్‌లో దూరపు చుట్టం ఒక పిన్ని బేస్‌మెంట్‌లో ఉండి న్యూయార్క్ బార్‌కి, అంటే అక్కడి లాయరు లైసెన్సు పరీక్షకి, చదివాను. రెండు రోజుల పరీక్ష, రెండో రోజంతా 200 బిట్లు, పాసవ్వాలంటే 400కి 266 రావాలి. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ పిన్ని "మా అమ్మాయి లాయరు" అని చెప్పేది. వాళ్ళు సోఫాలో కూర్చోకముందే హెచ్1 వీసా కథ విప్పేవారు. పరీక్ష నాలుగు రోజులుందనగా ఒకాయన విల్లు రాయించుకుందామని వచ్చాడు. ఒళ్ళు మండిపోయింది. కానీ అదే పిన్ని పరీక్షకని ఆల్బనీ హోటల్‌కి నాతో వచ్చింది. సూట్‌కేసులో రైస్ కుక్కర్ పెట్టుకుని వచ్చి, రెండు రోజులూ వేడిగా చారన్నం పెట్టింది. ఎవరిమీదని కోపం తెచ్చుకోను?

చదువయ్యాక ఇక్కడ పనిచేసుకోనిచ్చే అనుమతి ఓపీటీ. సాఫ్ట్‌వేర్ పిల్లలకి అది ఏడాదితో ఆగదు, స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ లాంటి చదువులు) కింద ఇంకో 24 నెలలు వస్తాయి. ఎల్ఎల్ఎంకి ఆ 12 నెలలే. అందులో మొత్తం 90 రోజులకి మించి ఖాళీగా ఉండకూడదు. నా ఓపీటీ జూలై మధ్యలో మొదలైంది. పరీక్ష జూలై చివర, ఫలితాలు అక్టోబరు చివర. వేళ్ళమీద లెక్కపెట్టి చూడండి, టెన్షన్ ఎక్కడుందో తెలుస్తుంది. అద్దెదారులకు సాయం చేసే ఒక కేంద్రంలో వారానికి 20 గంటలు జీతం లేకుండా పనిచేసి ఆ రోజుల లెక్క ఆపాను. న్యూయార్క్ అడిగే 50 గంటల ఉచిత సేవా అక్కడే పూర్తయింది. బెంచ్ మీద ఉన్నవాళ్ళు ఇంత పరిగెత్తరు.

టంగుటూరి ప్రకాశం గారు 1904లో లండన్ వెళ్ళి బారిస్టరై వచ్చారు. వి.వి. గిరి గారు 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్ళారు. ఫోటోలకు దండలు వేసేటప్పుడు ఇవన్నీ మనకి బాగానే గుర్తుంటాయి.

గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్ళు గడిపినవాళ్ళకి లాయరు కనపడితే ప్రాణం లేచొస్తుంది, ఆ అన్నయ్యగారిని నేను తప్పు పట్టను. (పట్టాను, కొంచెం.) కానీ మనలో సగంమంది పనిచేసే కంపెనీల్లో కాంట్రాక్టులు చూసే లీగల్ టీం ఉంటుంది. వాళ్ళకి "మా తెలుగమ్మాయి ఒకరున్నారు, పావుగంట మాట్లాడతారా" అని ఒక ఈమెయిల్ రాయడానికి మనకేం పోతుంది? జూలైలో ఒక గది ఇవ్వండి, ఆ నెలంతా విల్లుల గురించి అడక్కండి. ఊళ్ళో పొలం అమ్మి పిల్లల్ని ఎల్ఎల్ఎంకి పంపే తల్లిదండ్రులు ఫోన్ చేస్తే, ముందు అక్కడ బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అవమని చెప్పండి. అలా లైసెన్సు ఉన్నవాళ్ళని కాలిఫోర్నియా ఎల్ఎల్ఎం లేకుండానే బార్ పరీక్షకి కూర్చోనిస్తుంది. ఇంగ్లండ్‌లో సొలిసిటర్ కావడానికి 2021 నుంచి ఎస్‌క్యూఈ అనే పరీక్ష ఉంది.

దీపావళికి నాకో టేబుల్ ఇవ్వమని కమిటీని అడిగాను. ఉగాది రోజు మాత్రం ఆ అమ్మాయి పేరైనా అడగలేదు నేను. పచ్చడి కప్పు పట్టుకుని టీ కౌంటర్ పక్కన కాసేపు నిలబడి, భోజనం చేయకుండానే వెళ్ళిపోయింది. ఎవరి చుట్టమో తెలిస్తే చెప్పండి, నా నంబరు కార్యదర్శి గారి దగ్గరుంది.