రీబ్రీదర్ ట్రయల్ డైవ్ గారికి ఒక రొయ్యల రైతు బహిరంగ లేఖ

మహారాజశ్రీ ట్రయల్ డైవ్ గారి సముఖానికి,

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో వనామీ గుంటలు సాగు చేసుకునే నేను నమస్కరించి వ్రాయునది. మా వైపు హేచరీ నుంచి సీడ్ తెచ్చుకునే ముందు కాసిని పిల్లల్ని ల్యాబుకు పంపి, వైట్‌స్పాట్ తెగులు లేదని పీసీఆర్ రిపోర్టు చేతికి వచ్చాకనే బేరం మాట ఎత్తుతాము. కనుక వదిలిన ఊపిరినే శుద్ధి చేసి మళ్ళీ పీల్చనిచ్చే రీబ్రీదర్ అనే డైవింగ్ పరికరాన్ని లక్షలు పోసి కొనబోయేవాడికి, ముందుగా దాన్ని నీళ్ళలో ఒకసారి వాడి చూడనిచ్చే తమరి దర్శనం చేయించడమనే ఆచారాన్ని నేను మనసారా సమర్థిస్తున్నాను. నా మనవి అల్లా తమరు చూపించేదేమిటి, దాచిపెట్టేదేమిటి అన్నదాని గురించే.

తమరు మైపాడు తీరంలోని బురదనీళ్ళకు వేంచేయరు. ఎక్కడో దూరాన, అడుగు స్పష్టంగా కనిపించే ఈతకొలనులో కొలువు తీరుతారు. అక్కడ చూపించేవన్నీ నిజాలేనని ఒప్పుకుంటాను. వీపున సిలిండరు కట్టుకుని మునిగే మామూలు స్కూబాలో మనం వదిలిన ఊపిరిలో ఇంకా 16 శాతం దాకా ఆక్సిజన్ మిగిలి ఉండగానే అది బుడగలై పోతుంది. రీబ్రీదర్ ఆ ఊపిరినే తిప్పుకుని, అందులోని కార్బన్ డయాక్సైడును దాన్ని పీల్చుకునే సోడాలైము అనే రసాయనానికి అప్పగించి, ఒంటికి ఖర్చయినంత ఆక్సిజన్ మాత్రమే కలిపి మళ్ళీ నోటికి అందిస్తుంది. చప్పుడుండదు, పీల్చే గాలి వెచ్చగా, తేమగా ఉంటుంది. నిండా పీల్చి పైకి లేవడం, వదిలి కిందికి దిగడం అలవాటైన స్కూబా ప్రవీణుడు ఇక్కడ ఎంత పీల్చినా అంగుళం లేవడు, ఎందుకంటే గాలి యంత్రపు సంచిలోంచి ఊపిరితిత్తుల్లోకి మారుతుందే గాని మొత్తం మీద పెరగదు. ఆ గర్వభంగం ఒక్కటి చాలు, తమరికి చెల్లించిన రుసుము గిట్టినట్టే.

ఇక దాచిపెట్టేవి. కొనుగోలుదారు వచ్చేసరికి సోడాలైము నింపి ఉంటుంది, సెన్సర్లు సరిచూసి ఉంటాయి, గొట్టాలు కడిగి ఉంటాయి. అతడు చేయవలసిందల్లా పెళ్ళికొడుకులా నిలబడి తగిలించుకోవడమే. ఆ సోడాలైమును వదులుగా నింపితే ఊపిరి సందులు వెతుక్కుని శుద్ధి కాకుండానే తిరిగి వస్తుందనీ, అందులోకి నీరు చేరితే నోటికి వచ్చేది గాలి కాదు, నాలుక కాలే క్షారమనీ తమరు ఉపన్యాసంలో ఒక వాక్యంగా చెప్పి ముందుకు సాగిపోతారు.

ఆక్సిజన్ సెన్సర్ల సంగతి మరీ ముచ్చట. సాధారణంగా మూడు పెడతారు. రెండు ఒకే మాట చెబితే యంత్రం వాటినే నమ్మి మూడోదాన్ని పక్కన పెడుతుంది. ఒకే వయసు సెన్సర్లు రెండూ ఒకేలా ముసలివైతే, నిజం చెప్పిన ఒంటరిదే అబద్ధాలకోరుగా లెక్క. పీల్చే గాలిలో ఆక్సిజన్ వంతు ఒత్తిడి, అంటే పాక్షిక పీడనం, 0.16 బార్‌కు దిగువన స్పృహ తప్పవచ్చు, 1.6 దాటితే మూర్ఛ రావచ్చు, రెండింటికీ ముందుగా కబురు అందుతుందన్న భరోసా లేదు. మా గుంటలో నీటిలోని ఆక్సిజన్‌ను కొలిచే డీవో మీటరు అబద్ధం చెబితే తెల్లవారుజామున రొయ్యలు పైకి తేలి నిజం చెబుతాయి. తమరి యంత్రంలో తేలేది నేనే.

పైగా కొన్న తరువాత ఆ మోడలుకని విడిగా శిక్షణ, మరో మోడలు మీద మనసు పడితే మళ్ళీ శిక్షణ, ఏడాది, ఏడాదిన్నర తిరిగేసరికి కొత్త సెన్సర్ల ఖర్చు. 1878లో ఇంగ్లండులో హెన్రీ ఫ్లూస్ ఇలాంటి పరికరాన్ని తయారు చేసిన నాటి నుంచి దీని సుఖం డైవర్‌కు, చాకిరీ కూడా డైవర్‌కేనన్న మాట తమరి కరపత్రంలో ఎక్కడా కనిపించదు.

అందుచేత నా విన్నపం ఇది. తమరు మరికాస్త ముందుగా మొదలై, మరికాస్త ఆలస్యంగా ముగియండి. సోడాలైము నా చేత నింపించండి, గాలి లీకుల పరీక్ష నా చేత చేయించండి, నీళ్ళలోకి దిగకముందు అయిదు నిమిషాలు అంకెల మీద నుంచి చూపు తిప్పకుండా ఒడ్డున కూర్చోబెట్టి ఊపిరి పీల్చమనండి. నీళ్ళలో ఉండగా శిక్షకుడు సైగ చేయగానే ప్రత్యామ్నాయ సిలిండర్‌కు మారమనండి. ఆ తడబాటు చూస్తే నేను కొనదగినవాణ్ణో కాదో నాకంటే ముందు ఆయనకే తెలుస్తుంది. పైకి వచ్చాక వాడిన సోడాలైము పారబోసి, గొట్టాలు క్రిమిసంహారకంతో కడిగి ఆరబెట్టే పని కూడా నాకే వదిలేయండి. రుసుము ఏమీ తగ్గించనక్కర లేదు.

ఇట్లు,
తమరి విధేయుడు,
ఇంకా అడ్వాన్సు ఇవ్వని ఒక రైతు