తొమ్మిది పెద్దదా, ఎనిమిది పెద్దదా?

మొన్న సంక్రాంతికి న్యూజెర్సీ నుంచి ఒడిశాలోని మా ఊరు పర్లాకిమిడి వెళ్లాను. కనుమ నాడు గారెలు తిని అందరూ కునుకు తీసే వేళకి మా అన్నయ్య కొడుకు రెండు కాగితాలు పట్టుకొచ్చి అరుగు మీద నా పక్కన కూలబడ్డాడు.

"అత్తా, ఏది తీసుకోమంటావు?"

రెండూ ఆఫర్ లెటర్లే. ఒకటి బెంగళూరు కంపెనీది, ఏడాదికి తొమ్మిది లక్షలు. రెండోది హైదరాబాద్‌ది, ఎనిమిది. వాడికి మూడేళ్ల అనుభవం. "ఇందులో అడగడానికేటుంది? తొమ్మిది పెద్దదా, ఎనిమిది పెద్దదా?" అని మా అన్నయ్య గదిలోంచే తీర్పు చెప్పేశాడు.

పెన్ను తెమ్మన్నాను.

తొమ్మిది లక్షల కాగితంలో లక్ష రూపాయలు వేరియబుల్. అంటే కంపెనీకీ, టీముకీ, మేనేజర్ మనసుకీ ఆ ఏడాది బాగుంటే వచ్చేది. ఇంకో యాభై వేలు జాయినింగ్ బోనస్. అది ఒక్కసారే ఇస్తారు, ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలని నాలుగో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. కంపెనీ కట్టే పీఎఫ్ నెలకు 1,800 చొప్పున 21,600. మానేసేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ పేరుతో మూల జీతం (బేసిక్) మీద 4.81 శాతం, అంటే 21,645. మామూలుగా అయిదేళ్లు పనిచేస్తే తప్ప ఆ డబ్బు మొహం చూడం. వైద్య బీమా ప్రీమియం 14,000. ఇవన్నీ తీసేస్తే మిగిలింది 6,92,755. దాన్ని పన్నెండుతో భాగించి, వాడి వాటా పీఎఫ్, వృత్తి పన్ను కూడా తీసేస్తే నెలకు చేతికొచ్చేది దాదాపు 55,700.

ఎనిమిది లక్షల దాంట్లో వేరియబుల్ లేదు, బోనస్ లేదు. బీమా జీతం లెక్కలోకి రాలేదు. పీఎఫ్, గ్రాట్యుటీ పోగా నెలకు 61,200 పైచిలుకు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా పన్ను పడదు కాబట్టి ఇద్దరు యజమానుల దగ్గరా ఆ గొడవ లేదు.

వాడు మళ్లీ మళ్లీ కూడాడు. వేరియబుల్ మొత్తం వస్తే బెంగళూరుదే ఎక్కువ కదా అన్నాడు. అవును, వస్తే ఎక్కువే. కానీ ఇంటి ఓనర్ 'వస్తే' తీసుకోడు, నెల ఒకటో తారీఖున అద్దె తీసుకుంటాడు.

ఇంత చదువుకున్న కుర్రాడు ఆఫర్ లెటర్‌లో మొదటి పేజీ అంకె తప్ప మిగతాది ఎందుకు చదవలేదు? బద్ధకం అనుకోను. మావాళ్లకి కాగితం అంటే భయమూ, భక్తీ రెండూ ఎక్కువ. మా ఊరి గురించి రాసేటప్పుడు గిడుగు రామమూర్తి పంతులు గారిని తలవకుండా ఉండలేం, ఓర్చుకోండి. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపినప్పుడు ఆయన ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. మా తాతలు వెళ్లలేదు. ఉన్న ఇల్లు, ఉన్న కొట్టు చూసుకుని ఉండిపోయారు. అప్పట్నుంచీ మా ఇళ్లలో ఏ పనికైనా ముందు వెతికేది కాగితమే. ఆంధ్రలో స్థానికత తేలేది ప్రధానంగా అక్కడి బళ్లలో చదివిన ఏళ్లను బట్టి. మా పిల్లలు ఒడిశా బళ్లలో చదివారు కాబట్టి పక్కనే ఉన్న పాతపట్నంలో కూడా నాన్‌లోకల్. ఇటు చూస్తే ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి ఒడియా పాసైనట్టు కాగితం ఉండాలి. తెలుగు మీడియం పిల్లాడికి అదో టెన్షన్. రెండు గుమ్మాల దగ్గరా నిలబడి విసిగిన మా తరానికి నీ ఊరేది అని అడగని ఉద్యోగం ఐటీ ఒక్కటే అనిపించింది. బరంపురం, రాయగడ, గుణుపురం, జయపురం, ఎక్కడ చూసినా తెలుగు ఇళ్లలోంచి పిల్లలు కంప్యూటర్ల వైపు పరుగెత్తింది అందుకే.

పరుగైతే తీశాం గానీ పాత అలవాటు పోలేదు. నివాస ధ్రువపత్రం స్థానంలోకి, ఇంటర్నెట్‌లో అద్దెకిచ్చే కంప్యూటర్ల పని వచ్చని చెప్పే క్లౌడ్ సర్టిఫికెట్ వచ్చింది. మా వాడి రెజ్యూమెలో అవి ఆరున్నాయి.

సర్టిఫికెట్లని చిన్నచూపు చూసే హక్కు నాకు లేదు. 2004లో నేనూ అదే పని చేశాను. హైదరాబాద్ అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో డబ్బు కట్టి, వాళ్లిచ్చిన 'డంప్స్' బట్టీ పట్టి డేటాబేస్ పరీక్ష పాసయ్యాను. డంప్స్ అంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, పాత ప్రశ్నలూ జవాబులూ గుట్టగా పోసిన కాగితాలు. మంచి మార్కులే వచ్చాయి. నెల తిరక్కుండా ఒక కంపెనీలో ఇంటర్వ్యూ చేసినాయన ఒకే ప్రశ్న వేశాడు. "రాత్రి పదకొండుకి సర్వర్ నెమ్మదించిందని ఫోనొచ్చింది. ముందు ఏం చూస్తావు?" నాలుగు ఆప్షన్లు ఇస్తే టిక్కు పెట్టేదాన్ని. ఆయన ఇవ్వలేదు. నోరు పెగల్లేదు నాకు. బయటికొచ్చి బస్టాపులో ఏడ్చాను.

అందుకని మేనల్లుడికి చెప్పింది ఇది: రోజూ చేసే పనికి పక్కన నిలబడే సర్టిఫికెట్ ఒకటి తీసుకో, చాలు. అమెజాన్ వాళ్ల క్లౌడ్ విభాగం ఏడబ్ల్యూఎస్ పెట్టే సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ పరీక్ష ఫీజు 150 డాలర్లు, చెల్లుబాటు మూడేళ్లు. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఉద్యోగ స్థాయి సర్టిఫికెట్లు ఏడాదికోసారి రెన్యూ చేసుకోవాలి, అది ఆన్‌లైన్‌లో ఉచితమే. వాళ్లవే పేరులో ఫండమెంటల్స్ అని ఉండేవాటికి గడువు లేదు, ఇంటర్వ్యూలో పెద్ద విలువా లేదు. ఫ్రెషర్‌కి తలుపు తెరుచుకోడానికి ఒకటి పనికొస్తుంది. కంపెనీ ఫీజు ఇస్తానంటే సంతోషంగా రాయొచ్చు. ఆరింటికి సొంత డబ్బు పోయడం మాత్రం నాకు మింగుడుపడలేదు.

ఆఫర్ల విషయానికొస్తే, మా వాడి స్నేహితులు చేసేది వేరే ఆట. రాజీనామా ఇచ్చాక నోటీసు పీరియడ్ మూడు నెలలుంటుంది. చేతిలో ఒక ఆఫర్ పెట్టుకుని, దాన్ని చూపించి రెండోది, రెండోది చూపించి మూడోది. 2022లో ఇది బాగా నడిచింది. ఆ ఏడాది జూన్ త్రైమాసికంలో ఇన్ఫోసిస్ తన అట్రిషన్ 28.4 శాతమని చెప్పింది, అంటే వందలో ఇరవై ఎనిమిది మంది దాకా ఏడాదిలో గోడ దూకినట్టు. ఆ గాలి తగ్గింది. కంపెనీ మూడు నెలలు ఆగమన్నప్పుడు తను కూడా రెండో మనిషిని చూసి పెట్టుకుంటుందని కుర్రాళ్లు మర్చిపోతున్నారు. చేరే తేదీ వాయిదా మీద వాయిదా పడి, ఉన్నది వదులుకుని ఇంట్లో కూర్చున్న పిల్లలు నాకు తెలుసు. రెండు ఆఫర్లు తప్పు కాదు, మార్కెట్‌లో మన ధర తెలుస్తుంది. అయిదోదాని కోసం పాకులాడేవాడికి ధర అక్కర్లేదు, ఊళ్లో చెప్పుకోడానికి అంకె కావాలి. ఇక అమెరికా వచ్చేద్దువు గానీ అని మనం ఇక్కడ కూర్చుని ఊరించే రోజులు కూడా కావివి. 2025 సెప్టెంబరు ప్రకటనతో బయటి దేశం నుంచి కొత్త హెచ్‌1బీ వీసా మీద మనిషిని తెచ్చుకోడానికి కంపెనీ లక్ష డాలర్లు కట్టాలన్నాక, మా న్యూజెర్సీలో ఆ మాట అనడానికి నాకు నోరు రావడం లేదు.

సాయంత్రం కాఫీ తాగుతూ అసలు మూడేళ్లలో ఏం చేశావురా అని అడిగాను. "సపోర్ట్ అత్తా, చెప్పుకోడానికేం లేదు" అన్నాడు. తవ్వితే ఒక కథ బయటపడింది. ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో కొన్ని బ్రాంచీల నుంచి ఒకే లావాదేవీ రెండుసార్లు నమోదవుతోంది. టీములో అందరూ కోడ్ తిరగేశారు, తప్పు దొరకలేదు. వీడు కొరాపుట్ వైపు ఒక బ్రాంచి క్లర్కుకి ఫోన్ చేసి ఒడియాలో మాట్లాడాడు. తెర మీద ఏమీ కదలకపోతే ఆయన మళ్లీ బటన్ నొక్కుతున్నాడట. నెట్ నెమ్మదిగా ఉన్న బ్రాంచీలన్నింట్లో అదే అలవాటు. ఫిర్యాదు నమోదు చేసే టికెట్‌లో ఈ ముక్క ఎవరూ రాయలేదు, ఎందుకంటే ఇంగ్లిష్‌లో అడిగినప్పుడు ఆయన "నో ప్రాబ్లమ్ సార్" అనేవాడు. వీడు ప్రతి లావాదేవీకీ ఒక గుర్తింపు సంఖ్య పెట్టించి, అదే సంఖ్య రెండోసారి వస్తే సర్వర్ తోసిపుచ్చేలా రాశాడు. ఫిర్యాదులు ఆగిపోయాయి.

ఇది రెజ్యూమెలో లేదు. ఆరు సర్టిఫికెట్లకి చోటు సరిపోక తీసేశాడట! ఒడియా వచ్చని కూడా రాయలేదు, నవ్వుతారేమోనని. సవర గిరిజనుల భాష నేర్చుకోడానికి గిడుగు పంతులు గారికి పాఠ్యపుస్తకం లేదు, ఆ భాష వచ్చినవాళ్లతో మాట్లాడి నేర్చుకున్నారు, నిఘంటువు ఆ తర్వాత వచ్చింది. వాడు చేసిందీ అలాంటి పనే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, టీవీలో హిందీ, ఆఫీసులో ఇంగ్లిష్. అవతలివాడు చెప్పనిది ఏ భాషలో అడిగితే చెబుతాడో తెలిసినవాడికి ఐటీలో జీతం పెరుగుతుంది. నేను గత పదేళ్లుగా ఉద్యోగాలకి మనుషుల్ని ఎంచే బల్ల దగ్గర కూర్చుంటున్నాను, ఆ క్లర్కు కథ చెప్పిన వాడిని మళ్లీ పిలుస్తాను.

ఆ రాత్రి ఇద్దరం రెజ్యూమె మళ్లీ రాశాం. ఒక సర్టిఫికెట్ ఉంచాం. క్లర్కు కథ మూడు లైన్లలో పైకి వచ్చింది, నాలుగు భాషలు కిందికి. హైదరాబాద్ వాళ్లకి వాడే ఫోన్ చేసి అదంతా చెప్పి, ఇంకో నలభై వేలు అడిగాడు. పాతిక వేలు ఒప్పుకున్నారు.

ఇప్పుడు వాడు హైదరాబాద్‌లో ఉన్నాడు. మా అన్నయ్య మాత్రం రోడ్డు మీద ఎవరైనా అడిగితే ఇప్పటికీ తొమ్మిది లక్షలనే చెబుతున్నాడట.