దెబ్బలు సరే, సరిచూడటం నేర్పింది కూడా లెక్కల మాస్టారే కదా

లెక్కల మాస్టారి గురించి వచ్చిన వ్యాసంలో పాత విద్యార్థులంతా ఆయన బెత్తాన్నే తలచుకున్నారు. విశాఖ కంచరపాలెంలో మాకు లెక్కలు చెప్పినాయనా కొట్టేవారు, అది మంచిదని నేననను, 2009 విద్యాహక్కు చట్టం బడిలో కొట్టడాన్ని నిషేధించి మంచిపనే చేసింది. కానీ నాకు మిగిలింది వేరే. 47ని 38తో గుణించి 1786 అని నోటు చూపిస్తే జవాబు వైపు చూడకుండానే "సరిచూశావేట్రా?" అనేవారు. ఒక్క అంకె మిగిలేదాకా అంకెలు కూడాలన్నమాట: 47కి 4, 7 కలిపితే 11, మళ్ళీ కలిపితే 2, 38కీ అంతే, రెండు రెళ్ళు నాలుగు, ఇటు జవాబు 1786కి 22, అంటే 4, రెండూ ఒకటే, కుదిరింది. కుదరకపోతే తప్పు ఖాయం, కుదిరినంత మాత్రాన ఒప్పని కాదు, 1768 అని తారుమారుగా రాసినా 4 వస్తుంది కదా, అదీ ఆయనే బోర్డు మీద వేసి మా ధీమా కాస్తా తీసేశారు. ఎక్కాలు ఇరవై దాకా అప్పజెప్పాలి, పంతొమ్మిదో ఎక్కం అంటే క్లాసు మొత్తానికి టెన్షన్. ఇప్పటికీ పూర్ణా మార్కెట్‌లో కొట్టువాడు చీటీ మీద వేసిన మొత్తాన్ని నోటితో ఓసారి కూడుకోందే డబ్బు తీయను, మా ఆవిడకి అదంటే మహా చిరాకు.